నౌకరీ అన్న మాట

జనవరి 9, 1963

సంగారెడ్డి కోర్టు నుంచి తిరిగి వచ్చి మా ఊళ్లో బస్సు దిగేసరికి మా గుమాస్తా గురులింగప్ప ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయన నాకోసం బస్టాండుకు రావడం ఎప్పుడూ లేదు. నేను అడగకముందే, "పాప మంచిగనే ఉన్నది సాబ్, మొదలు గది ఇనున్రి" అన్నాడు.

పొద్దున మా పాప నీల స్నానానికి వెనక వసారాలో నీళ్లు కాగుతుంటే స్టవ్వు ఒక పక్కకు ఒరిగిందట. మసిలే నీళ్ల గిన్నె పిల్ల మీదికి దొర్లబోతే, నీలను చూసుకునే కులసుం పిల్లను అవతలికి నెట్టి తన చేయి అడ్డం పెట్టింది. నీల పాదం మీద కొన్ని చుక్కలు పడ్డాయి. కులసుం కుడిచేయి మోచేతి నుంచి వేళ్ల దాకా కాలిపోయింది. నా భార్య భాగీరథి అప్పటికే బడికి పోయింది. ఎదురింటివాళ్లు కులసుం అన్న దస్తగిర్‌ను పిలిపిస్తే, అతను తన టాంగాలోనే దవాఖానకు తీసుకుపోయాడు.

ఇంటికి వచ్చి నీల పాదం చూశాను. పొక్కు కూడా పెద్దది కాదు. తర్వాత, స్టవ్వు అక్కడ ఎవరు పెట్టారని భాగీరథిని అడిగాను. ఆమె నా వైపు చూసింది. బోనులో ఉన్న సాక్షిని అడిగినట్టు అడిగానేమో.

దవాఖానకు రేపు పోవాలి.

జనవరి 10

కోర్టులో పని తెమలలేదు. భాగీరథి పోయి వచ్చింది.

జనవరి 11

పోలేదు.

జనవరి 13

పోయాను. నన్ను చూడగానే కులసుం కొంగు తల మీదికి లాక్కుని మంచం మీంచి లేవబోయింది. పడుకోమన్నాను. బత్తాయిలు పక్కన పెట్టాను. చేతికి కట్టు ఉంది. కట్టు మీంచి పసుపుపచ్చగా ఏదో ఊరుతున్నది. నేను కిటికీ వైపు చూస్తూ సంగారెడ్డి బస్సు ఎంత ఆలస్యంగా నడుస్తున్నదో చెప్పాను. ఆమె విన్నది. నీలమ్మ అన్నం తింటున్నదా అని అడిగింది. తింటున్నదని చెప్పాను. నిజానికి తింటున్నదో లేదో నాకు తెలియదు.

నీల పుట్టి భాగీరథి సెలవు ముగిసిన రోజు నుంచి కులసుం మా ఇంట్లో ఉంది. పొద్దున వస్తుంది, దీపాలవేళకు పోతుంది. ఆమెతో నేను ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదలనుకుంటాను.

వస్తుంటే ఖుద్సియా డాక్టరమ్మ వరండాలో ఆపి, పుండు మానుతుంది గాని వేళ్లు ముందులా ముడుచుకోకపోవచ్చు అని ఉర్దూలో చెప్పింది. షుక్రియా చెప్పి వచ్చేశాను. దేనికి చెప్పానో.

జనవరి 18

ఇవాళ సంగారెడ్డిలో, కార్మికుల పరిహారం కమిషనర్ ముందు, మాణిక్ కేసు. ఇది రాసుకోవాలి.

మాణిక్‌ది ఝరాసంగం. పత్తి మిల్లులో మిషన్ తిప్పే పట్టా కింద చేయి పడి వేళ్లు పోయాయి. పట్టాకు అడ్డుగా ఉండవలసిన రేకు ఊడిపోయిందని ముందే చెప్పాడు, ఎవరూ బిగించలేదు. మిల్లు యజమాని రేవణసిద్ధప్ప బోనెక్కి చాలా ప్రేమగా మాట్లాడాడు. "మాణిక్ నాకు నౌకరు కాదు సాబ్. మా ఇంటి పిలగాని తీరు. మా ఇంట్ల తినుకుంట ఉండె. మిషిన్ కాడికి ఆయనకాయననే పోయిండు" అన్నాడు.

నేను మూడే అడిగాను. పొద్దున ఎవరు రమ్మంటే వస్తాడు? సాయంత్రం ఎవరు పొమ్మంటే పోతాడు? ఒకరోజు రాకపోతే ఎవరికి కోపం వస్తుంది? మూడోదానికి రేవణసిద్ధప్ప నోరు తెరిచి మళ్లీ మూశాడు. వెనక ఎవరో నవ్వారు. మా సీనియర్ మదన్‌మోహన్ గారు బయటికి వచ్చాక నా భుజం తట్టారు.

చాలా రోజుల తర్వాత నా పని మీద నాకు గౌరవం కలిగింది.

జనవరి 20

పొద్దున దస్తగిర్ వచ్చాడు. టాంగా గేటు బయట నిలిపి, లోపలికి రమ్మన్నా రాలేదు. చెప్పులు విడిచి మెట్టు కింద నిలబడ్డాడు.

"మా చెల్లె ఏళ్లు ముడుసుకుంటలేవు వకీల్ సాబ్. ముందటికి ఎట్ల?"

ఫికర్ చేయకు, మేమున్నాం కదా అన్నాను. అతను ఇంకా ఏదో వింటానన్నట్టు నిలబడే ఉన్నాడు. నేను బల్ల మీది కాగితాలు తీసుకుని చదవడం మొదలుపెట్టాను. కాసేపటికి గుర్రపు గిట్టల చప్పుడు వినిపించింది.

తర్వాత పరిహారపు చట్టం తీశాను. మాణిక్ కేసు కోసం నెలల తరబడి చదివిన పుస్తకమే. ఈసారి వేరే కళ్లతో చదివాను. మిల్లు ఉంది, గని ఉంది, రైలు ఉంది, ఓడ కూడా ఉంది. ఇంట్లో పిల్లను చూసుకునే మనిషి ఎక్కడా లేదు. చట్టం ప్రకారం నా మీద ఏమీ రాదు.

హాయిగా ఊపిరి తీసుకున్నాను. ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. ఇది ఎవరూ చదవరు.

జనవరి 27

రంజాన్ రోజాలు మొదలయ్యాయి. దవాఖానలో కూడా కులసుం ఉపవాసం ఉంటున్నదని భాగీరథి చెప్పింది. డాక్టరమ్మ వద్దంటే వినలేదట. భాగీరథి రోజూ బడి నుంచి అటే పోయి వస్తున్నది. అంతసేపూ నీల ఎదురింట్లో ఉంటున్నది. నేను ఒక్కసారే పోయాను. మగవాడు ఆడవాళ్ల వార్డుకు మాటిమాటికి పోవడం బాగుండదు.

ఫిబ్రవరి 2

కోర్టులో వకీళ్ల బార్ రూములో మదన్‌మోహన్ గారు నన్ను పక్కకు పిలిచారు. దస్తగిర్ టాంగా స్టాండులో అంటున్నాడట: ఊరోళ్ల చేతులకు పరిహారం ఇప్పించే వకీలు, తన ఇంట్లో కాలిన చేతికి ఏం ఇస్తాడో చూడాలె అని.

"చట్టంల లేకపోవచ్చు శివరాజ్. రేపు దావా ఏస్తె ఏం చేస్తవ్? పండ్లు ఇయ్యి, పైసలియ్యి, దయ చూపెట్టు. నౌకరీ అన్న మాట మాత్రం నీ నోట్లెకెళ్లి రానియ్యకు" అన్నారు.

నా మేలు కోరే చెప్పారు. ఆయన ఎప్పుడూ నా మేలే కోరారు.

ఫిబ్రవరి 11

డాక్టరమ్మ రమ్మని కబురు పంపితే దవాఖానకు పోయాను.

విషయం మంచిదే. పిల్లల వార్డుకు ఒక ఆయా కావాలి. పుండు మానుతున్నన్ని రోజులూ కులసుం మంచం మీద కూర్చోలేదట. ఏడ్చే పిల్లలను ఎడమ చంకన వేసుకుని వార్డంతా తిరిగిందట. ఆ చేయి ఈ పనికి చాలు, నాకు ఈమే కావాలి అన్నది డాక్టరమ్మ. అయితే పై ఆఫీసుకు రాయాలంటే, ఇదివరకు పిల్లల దగ్గర నౌకరీ చేసిందని ఆ ఇంటివాళ్లు చెప్పాలి. పెన్ను తీసుకుని, "మీ దగ్గర ఎన్నేళ్లు చేసింది, శివరాజ్ సాబ్?" అని అడిగింది.

కులసుం తలుపు దగ్గర నిలబడి ఉంది. ఉపవాసంతో పెదవులు ఎండిపోయాయి. కట్టు విప్పేశారు. చేయి కొంగు కింద పెట్టుకుంది. నన్ను చూసి కొంచెం నవ్వింది. ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసునని ఆమెకు తెలుసు.

నేను అన్నాను: నౌకరీ అని కాదు డాక్టర్ సాహెబా. భర్త పోయిన మనిషి. మా ఇంట్లో పనాహ్ ఇచ్చాం. చెల్లెలి లాగా ఉండేది.

కోర్టులో ఉర్దూ పోయి ఇన్నేళ్లయినా ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. పనాహ్. ఆశ్రయం.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. కులసుం వైపు తిరిగి, అంతేనా అని ఉర్దూలో అడిగింది. కులసుం ఆమెను చూడలేదు. నన్నే చూసి, నాతో ఎప్పుడూ మాట్లాడే తెలుగులోనే చెప్పింది.

"వకీల్ సాబ్ చెప్పిన్రంటే గంతే ఉంటది."

ఫిబ్రవరి 12

నేను అబద్ధం చెప్పలేదు. ఆమె భర్త పోయిన మాట నిజం. మా ఇంట్లో ఉన్న మాట నిజం. భాగీరథి ఆమెను సొంత మనిషిలా చూసిన మాట నిజం. నౌకరీ చేయలేదని నేను అనలేదు. నౌకరీ అని కాదు అన్నాను. రెండింటికీ తేడా ఉంది.

ఫిబ్రవరి 13

అబద్ధం చెప్పలేదు.

ఫిబ్రవరి 15

స్టవ్వు కాలు ఇవాళ అతికింపించి తెచ్చాను. బజారులో నిలబడి ఉండగానే అయిపోయింది.

దీపావళికి ముందు కులసుం చెప్పింది: అమ్మా, స్టవ్వు కాలు ఊగుతున్నది. భాగీరథి నాతో చెప్పింది. చూద్దామన్నాను. తర్వాత ఒకసారి కులసుమే స్వయంగా నాతో చెప్పింది. నేను బూట్లు కట్టుకుంటున్నాను, బస్సుకు టైమవుతున్నది. తల ఊపాను.

మొదటి రోజు రాసిన పేజీ తిరగేసి చూశాను. "స్టవ్వు ఒక పక్కకు ఒరిగిందట" అని రాసి ఉంది. ఎందుకు ఒరిగిందో రాయలేదు. మాణిక్ కేసులో రేకు సంగతి మాత్రం మరచిపోకుండా రాశాను.

ఫిబ్రవరి 23

నీలకు దగ్గు వస్తే భాగీరథి దవాఖానకు తీసుకుపోయింది. తిరిగి వచ్చి నీలను ఎదురింటికి పంపి, చెప్పులతోనే వసారాలో నిలబడింది. ఆయా పనిలో వేరే ఆమెను పెట్టుకున్నారట. డాక్టరమ్మ అంతా చెప్పింది.

"చెల్లె అన్నరట. ఆమె ఇల్లు ఏ గల్లీల ఉన్నదో చెప్పున్రి."



నేను మదన్‌మోహన్ గారు అన్నది చెప్పబోయాను, దావా గురించి, చట్టం గురించి. ఆమె మధ్యలో ఆపలేదు. అంతా విన్నది. విని, నీల పుట్టినప్పుడు సర్కారు తనకు జీతంతో సెలవు ఇచ్చిందని, సెలవు అయ్యాక ధైర్యంగా బడికి పోయిందంటే కులసుం వచ్చినందుకేనని అన్నది. ఆ మనిషికి జ్వరం వస్తే ఆ రోజు జీతం ఏమవుతుందో తాను కూడా ఎన్నడూ ఆలోచించలేదని అన్నది.

"మీరొక్కరే కాదు. నేను కూడ మంచిదాన్ననుకున్న."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 26

ఇవాళ రంజాన్ పండుగ. ప్రతి ఏడూ కులసుం ఇంటి నుంచి మాకు షీర్ ఖుర్మా పాయసం వచ్చేది. నీల పొద్దుటి నుంచి గేటు దగ్గర నిలబడి చూసింది. రాలేదు.

ఫిబ్రవరి 28

కులసుం ఇంటికి పోయాను.

ఇల్లు తెలియదు కాబట్టి టాంగా స్టాండుకు పోయాను. మిగతా టాంగావాళ్లు మాటలు ఆపారు. ఇల్లు ఎక్కడని దస్తగిర్‌ను అడిగాను. అతను గుర్రాన్ని ఇటు తిప్పి, ఎక్కమన్నట్టు తల ఆడించాడు. మార్కెట్టు వెనక సందులో ఆగాడు. మా ఇంటికి నడిచి వచ్చేంత దగ్గర. మా ఊరే, నేను ఎన్నడూ రాని సందు.

కులసుం వాకిట్లో కూర్చుని ఎడమచేత్తో జొన్నలు చెరుగుతున్నది. కుడిచేత్తో చాట అంచును ఆనించుకుంది, పట్టుకోలేదు. ఈసారి ఆ చేతిని చూశాను. తోలు గులాబీరంగులో బిగుసుకుని ఉంది. వేళ్లు సగం దాకా వంగి ఆగిపోతాయి. దస్తగిర్ లోపలి నుంచి నులక మంచం తెచ్చి వేశాడు.

డాక్టరమ్మ దగ్గరికి పోయి నిజం చెబుతానన్నాను.

"ఇంకొకామె పనిల చేరింది సాబ్. ఇప్పుడు మీరు చెప్తె ఆమె కడుపు కొట్టినట్టయితది."

అయితే మా ఇంటికి మళ్లీ రమ్మన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి జొన్నలు చెరగసాగింది. చెల్లెలి లాంటిదని నేను మంచి మనసుతోనే అన్నానని చెప్పాను.

"నాకు అన్న ఉన్నడు సాబ్" అన్నది.

దస్తగిర్ గుమ్మంలో నిలబడి నేలను చూస్తున్నాడు. ఆమె చాట కింద పెట్టింది.

"నౌకరీ చేసిన. మంచిగ చేసిన. గా ఒక్క మాట చెప్తరని తలుపు కాడ నిలబడ్డ. మీరు పనాహ్ అన్నరు. బిచ్చపుదాని తీరు అయిపోయిన డాక్టరమ్మ ముంగట."

గొంతు పెంచలేదు. నీలను చూసుకునేటప్పుడు కూడా ఎన్నడూ పెంచేది కాదు. నాకు తప్పయిందని చెప్పడం వచ్చి ఉండవలసింది. కోర్టులో ఇన్ని మాటలు మాట్లాడతాను. చెప్పులు వేసుకుని లేచాను. ఆమె చాయ్ తాగి పొమ్మన్నది. తాగాను.

మార్చి 4

మాణిక్ గెలిచాడు. పరిహారం ఇవ్వాలని తీర్పు వచ్చింది. నేను అడిగిన మూడు ప్రశ్నలూ తీర్పులో రాశారు. మాణిక్ బాగున్న చేత్తోనే నా మెడలో దండ వేశాడు. అతని తల్లి నా కాళ్లకు మొక్కబోతే వెనక్కు జరిగి బల్లకు తగులుకున్నాను. దేవుడిలాంటోడివి బిడ్డా అన్నది.

బస్సులో దండ తీసి సంచిలో పెట్టాను. ఊళ్లోకి దండతో దిగలేను.

మార్చి 6

కులసుం వద్దన్నది గాని దవాఖానకు పోయాను. ఎవరి పనీ తీసేయమని అడగలేదు. ఆ రోజు నేను చెప్పింది తప్పు అని చెప్పడానికి పోయాను.

డాక్టరమ్మ చుట్టూ జనం ఉన్నారు. పక్కకు పిలుద్దామనుకుని, ఆ బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో తెలిసి, అక్కడే చెప్పాను. కులసుం మా ఇంట్లో నౌకరీ చేసింది. నీల పుట్టినప్పటి నుంచి చేసింది. స్టవ్వు బాగా లేదని చెప్పింది, నేను పట్టించుకోలేదు. ఆమె చేయి పోవడానికి నేనే కారణం. ఉర్దూ ఈసారి తడబడింది.

డాక్టరమ్మ పసిపిల్లవాడి గుండె మీంచి గొట్టం తీసి నన్ను చూసింది. ఈ మాట పోయిన నెల కావలసి ఉండె అన్నది. మళ్లీ ఖాళీ వస్తే మొదట కులసుంకే కబురు పంపుతానన్నది. అప్పుడు కూడా మిమ్మల్ని అడుగుతాను, ఇదే చెబుతారా అని అడిగింది. చెబుతానన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. నమ్మవలసిన అవసరం ఆమెకు లేదు.

మార్చి 10

నీలను చూసుకోవడానికి కోహీర్ వైపు నుంచి కమలమ్మ అనే ఆమె వచ్చింది. భాగీరథి మాట్లాడబోయి, నన్ను మాట్లాడమన్నది.

ఇంటి మనిషిలా ఉండమ్మా అని నోటి దాకా వచ్చింది. మింగాను. జీతం ఏ రోజున ఇస్తామో, ఏ రోజు సెలవో చెప్పాను. జబ్బు చేస్తే జీతం కోయబోమని చెప్పాను. ఇంట్లో పని చేస్తూ ఏమైనా అయితే బాధ్యత మాదని చెప్పాను. చట్టంలో లేకపోయినా అన్నాను. ఆ చివరి మాట ఎందుకు అన్నానో తెలియదు.

కమలమ్మకు సంతోషం కాలేదు, అనుమానం వచ్చింది.

"గిట్ల ఎవలు చెప్పరు. పోయినామెకు ఏమైంది?"

భాగీరథి నా వైపు చూసింది. చెప్పాను. చేయి సంగతి, దవాఖానలో నేను అన్న మాట, రెండూ. కమలమ్మ నిలబడే అంతా విని, రేపు చెప్త అని పోయింది.

మార్చి 11

కమలమ్మ రాలేదు. భాగీరథి బడిలో పరీక్షలు. ఎదురింటివాళ్లు ఊళ్లో లేరు. నీలతో నేను ఉండిపోయాను.

జడ వేయడం రాలేదు. చుట్టి దారంతో కట్టాను. అన్నం కలిపితే ముద్ద పెద్దదన్నది. మధ్యాహ్నం పడుకోమంటే కులసుం పాట పాడమన్నది. అది ఏ పాటో నాకు తెలియదు. నా ఇంట్లో, నా బిడ్డకు, రోజూ పాడిన పాట.

కోర్టులో నా కేసు ఒకటి ఉండటంతో గురులింగప్ప వాయిదా దరఖాస్తు రాసి తెచ్చాడు. నాకు జ్వరం అని రాశాడు. అందరం అట్లాగే రాస్తాం. ఆ మాట కొట్టేసి పైన రాశాను: మా ఇంట్లో మా కుమార్తెను చూసుకునే నౌకరీ చేసిన కులసుం, నా అజాగ్రత్త వల్ల చేయి కాలి పని మానినందున, పిల్లను చూసుకోవడానికి నేను ఇంట్లో ఉండవలసి వచ్చింది.

గురులింగప్ప చదివి కాగితం మళ్లీ నా ముందు పెట్టాడు.

"మున్సిఫ్ సాబ్ పైకి చదువుతడు సాబ్. మదన్‌మోహన్ సాబ్ గూడ అండ్లనే ఉంటడు."

చదవనీ అన్నాను.

సాయంత్రం వచ్చి చెప్పాడు. మున్సిఫ్ గారు పైకే చదివారు. కొందరు నవ్వారు. మదన్‌మోహన్ గారు నవ్వలేదు, లేచి బయటికి పోయారు. వాయిదా ఇచ్చారు. కోర్టు ఎత్తేయకముందే ఆ ముచ్చట టాంగా స్టాండుకు చేరిందట.

దస్తగిర్ ఏమన్నాడని అడిగాను.

గుర్రానికి నీళ్లు పెడుతూ విన్నాడట. బకెట్ ఖాళీ అయినాక టాంగా కట్టుకుని, బేరం కోసం ఆగకుండా, కులసుం ఉన్న సందు వైపు తోలుకుపోయాడట.